ముఠా ఎట్లా నిలబడుద్ది? గూడెం కొండల నుంచి బొర్రా దాకా

మేము గంపలగూడెం మండలం పిల్లలం. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్నాం. పోస్టు పెద్దదే, తీరిగ్గా చదవండి, మధ్యలో వదిలెయ్యొద్దు.

ఈ మధ్య గ్రూపులో ఒక మాట పదే పదే వినపడుతోంది. "అందరం కలిసి పనిచెయ్యడం అయ్యేది కాదు, ఎవరి తెగ సంఘం వాళ్ళు పెట్టుకుంటే గొడవే ఉండదు" అని. కోపంతో అన్నవాళ్ళు ఉన్నారు, విసుగొచ్చి అన్నవాళ్ళు ఉన్నారు. విసుగు రావడంలో తప్పేం లేదు. మీటింగు పెడితే ముప్పై మంది వస్తామంటారు, ఆరుగురు వస్తారు. అర్జీ మీద సంతకం పెట్టడానికి అందరూ ఉంటారు, ఆఫీసు చుట్టూ తిరగడానికి ఇద్దరే మిగులుతారు. చందా లెక్క ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. అందుకే మేము ఒక పని చేశాం. మన ముందు తరాల వాళ్ళు ఎట్లా కలిశారు, ఎన్నాళ్ళు నిలబడ్డారు, ఎక్కడ తెగిపోయింది అని చరిత్రలో వెతికాం. దొరికింది ఇక్కడ పెడుతున్నాం.

ముందు ముఠా అనే మాట చూద్దాం. మన వైపు ముఠా అంటే మిరపకోతకు పోయే కూలీల జట్టు. మేస్త్రి రైతుతో రేటు మాట్లాడతాడు. ఎవరొస్తున్నారు, ఎవరు రావట్లేదు అనేది ముందురోజు రాత్రే తేలిపోద్ది. తెల్లారేసరికి ఆటో వచ్చుద్ది. లెక్క అందరి ముందే చూస్తారు. ఒకావిడకి జ్వరమొస్తే ఆమె బదులు ఇంకొకరు పోతారు, పని ఆగదు. ముఠాలో ఉన్నోళ్ళందరూ చుట్టాలు కాదు. ఒకరంటే ఒకరికి పడకపోవచ్చు కూడా. అయినా సీజనంతా కలిసే నడుస్తారు.

విశాఖ, గోదావరి మన్యంలో ఇదే మాటకి ఇంకో అర్థం ఉంది. అక్కడ ముఠా అంటే కొన్ని కొండ ఊళ్ళ కట్ట. ఆ కట్టకి పెద్ద ముఠాదారు. శిస్తు వసూలు చేసి పైకి కట్టేది అతనే, ఊళ్ళ తగవులు చూసేదీ అతనే. తెల్లదొరలు రాకముందు నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. అంటే అక్కడ ఊళ్ళని కలపడానికి ఎవరో వచ్చి కొత్తగా సంఘం కట్టక్కర్లేదు. కలిపే తాడు అప్పటికే ఉంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుకు పోయాక పనికొస్తది.

నలుగురు కలిస్తే నేరం అన్న రోజులు

మన్యంలోకి పోయే ముందు మైదానంలో మనోళ్ళ సంగతి చెప్పాలి. మనం ఎందుకు ఇట్లా చెల్లాచెదురుగా ఉన్నామో తెలియాలంటే ఇది తప్పదు.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజ్యానికి కూడా వర్తింపజేసింది. ఒక మనిషి నేరం చేశాడా లేదా అని చూడదు ఆ చట్టం. ఫలానా తెగలో పుట్టాడంటే చాలు, పేరు రిజిస్టర్లో ఎక్కిస్తారు. ఎరుకల వాళ్ళతో పాటు ఇంకా కొన్ని సంచార తెగల్ని అందులో చేర్చారు. హాజరు వెయ్యాలి. ఊరు దాటాలంటే చీటీ తీసుకోవాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు కట్టి కుటుంబాల్ని తీసుకెళ్ళి అక్కడ పెట్టారు. మద్రాసు రాజ్యంలో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. అందుకే ఆ తెగల్ని విముక్త జాతులు అంటారు.

ఉప్పు, ధాన్యం, బుట్టలు వేసుకుని ఊరూరా తిరిగే గుంపు ఒకప్పుడు బతకడానికి ఒక పద్ధతి. ఆ గుంపునే చట్టం అనుమానించింది. గుంపుగా పోతే పోలీసు, విడివిడిగా పోతే కాస్త నయం. చట్టం పోయినా ఆ భయం ఇళ్ళల్లో మిగిలిపోయింది. "నలుగురితో కలిసి ఆఫీసుకి పోకు, పేరు పడుద్ది" అని ఇప్పటికీ మన పెద్దోళ్ళు చెప్పడం మీరందరూ వినే ఉంటారు. మీటింగుకి ఆరుగురే రావడానికి బద్ధకం ఒక్కటే కారణం అనుకోవద్దు. కలిసినందుకు దెబ్బ తిన్న జ్ఞాపకం కూడా ఉంది.

గూడెం కొండలు: 1922 నుంచి 1924

ఇప్పుడు మన్యానికి పోదాం. అల్లూరి సీతారామరాజు కథ అందరికీ తెలుసు, సినిమాలో చూశాం. సినిమాలో ఒక్క మనిషి కనపడతాడు, వెనకాల ఊళ్ళు కనపడవు. మేము ఊళ్ళ వైపు నుంచి చూద్దామనుకున్నాం.

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టడం నేరమైంది. అడవిలో కట్టె, పండు, దుంప తెచ్చుకోవడానికి కూడా అడ్డం వచ్చారు. ఇది పోడు చేసుకునే ప్రతి ఇంటి బాధ. చింతపల్లి వైపు కొండ రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మనుషుల్ని బలవంతంగా, సరైన కూలి ఇవ్వకుండా పనిలోకి దింపాడు. ఇది కూలికి పోయినోళ్ళ బాధ. ముఠాదారుల అధికారం తగ్గిపోయింది, కొందరి పదవులూ భూములూ పోయాయి. ఇది పెద్దోళ్ళ బాధ. గాం గంటందొర ఈ మూడో రకం. అధికారుల వల్ల నష్టపోయిన ఊరిపెద్ద. తమ్ముడు గాం మల్లుదొర ఆయనతో నిలబడ్డాడు.

చూడండి, మూడు వేరు వేరు బాధలు. ముఠాదారు పోగొట్టుకున్నది కూలోడికి ఎప్పుడూ లేదు. కూలోడి దెబ్బ ముఠాదారు వీపు మీద పడలేదు. కోయలు, బగతలు, కొండదొరలు ఒకే తెగ కాదు. సీతారామరాజు అయితే అసలు ఆ కొండలవాడే కాదు, బయటి నుంచి వచ్చినోడు. వీళ్ళంతా ఒకే కోరిక పెట్టుకుని కలవలేదు. ఎవరి కోరిక వాళ్ళకుంది, అడ్డం వచ్చినోడు మాత్రం ఒకడే. అక్కడ కలిశారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు. ఏమేం తీసుకున్నారో స్టేషన్ డైరీలో రాసి సంతకం పెట్టి మరీ పోయారు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్యదొరని విడిపించుకున్నారు. ఆయన అంతకుముందు జరిగిన ఇంకో ఫితూరీ మనిషి. అంటే పాత తిరుగుబాటు మనుషుల్ని కూడా కొత్తదానిలో కలుపుకున్నారన్నమాట.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. ముందు నడిచిన దేశీ పోలీసుల్ని పోనిచ్చి తెల్లోళ్ళ మీదే కాల్చారని చరిత్రలో ఉంది. అంతమందికి అంత ఓర్పు ఉండాలంటే ముందే మాట్లాడుకుని ఉండాలి. ఆవేశంలో దూకిన గుంపు అట్లా చెయ్యదు.

కొండల మీద సుమారు రెండేళ్ళు నడిచింది ఇది. తుపాకి పట్టినోళ్ళు కొంతమందే. మిగతా పని ఊళ్ళది. అన్నం పెట్టింది ఊళ్ళు, కబురు చేరవేసింది ఊళ్ళు, పోలీసులు అడిగితే నోరు విప్పనిది ఊళ్ళు. ముఠా తాడు అక్కడ పనిచేసింది. ఒక ముఠాలో ఏం జరిగిందో పక్క ముఠాకి తెలియడానికి కొత్త దారి అక్కర్లేకపోయింది.

మరి ఎక్కడ తెగింది? ప్రభుత్వం మొదట మనుషుల్ని వెతికింది, దొరకలేదు. తర్వాత ఊళ్ళ మీద పడింది. తలలకు వెలలు కట్టింది. తిండి అందకుండా చూసింది. మలబారు పోలీసుల్ని, 1924లో అస్సాం రైఫిల్స్‌ని దింపింది. 1922 డిసెంబరులోనే ఎదురుకాల్పుల్లో చాలామంది పోయారు. 1923 సెప్టెంబరులో మల్లుదొర దొరికిపోయాడు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజుని కాల్చి చంపారు. జూన్‌లో గంటందొరని చంపారు. దాంతో ముగిసింది.

మల్లుదొర అండమాన్ జైలుకి పోయి తిరిగొచ్చాడు. 1952లో మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎంపీ అయ్యాడు. ఈ సంగతి మా హాస్టల్లో చాలామందికి తెలీదు. పాఠంలో రెండు లైన్లు కూడా లేవు.

మేము తెలుసుకున్నది ఇది. గూడెంలో కలవడం గట్టిగానే ఉంది, పని పంచుకోవడం కూడా ఉంది. కానీ ముందుండి నడిపే ముగ్గురు నలుగురు పోతే ఆ పని ఎత్తుకునే రెండో వరస మిగల్లేదు. తుపాకుల పోరాటంలో ఆ వరస తయారవడానికి టైం కూడా ఉండదు. అది వాళ్ళ తప్పని అనట్లేదు. వాళ్ళకి వేరే దారి మూసేశారు. మనకి ఇవాళ దారి తెరిచి ఉంది కాబట్టి ఈ లోటు మనం చూసుకోవాలి.

బొర్రా: ఒక్క మాట కోసం నాలుగేళ్ళు

ఆ కొండల పక్కనే, డెబ్భై ఏళ్ళ తర్వాత జరిగింది ఇంకోటి. దీనికి సినిమా రాలేదు. మనకి ఎక్కువ పనికొచ్చేది మాత్రం ఇదే.

బొర్రా గుహలు చూడటానికి అందరూ పోతారు. ఆ గుహల చుట్టూ అనంతగిరి మండలంలో 14 గిరిజన ఊళ్ళున్నాయి. అక్కడ నేల కింద కాల్సైటు, మైకా ఉంది. తరాలుగా సాగు చేసుకుంటున్నా ఊళ్ళోళ్ళ చేతిలో పట్టాల్లేవు. ప్రభుత్వం మాత్రం ఆ నేలని గనుల కంపెనీలకి లీజుకిచ్చింది. అందులో బిర్లా వాళ్ళ కంపెనీ కూడా ఉంది.

చట్టం ఏం చెప్తుంది? ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1917లోనే ఒక చట్టం ఉంది. 1959లో భూమి బదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది. 1970లో దాన్ని గట్టిపరిచారు, అదే మనం 1/70 అంటాం. షెడ్యూల్డ్ ఏరియాలో ఏ వ్యక్తి అయినా గిరిజనేతరుడికి భూమి బదలాయిస్తే చెల్లదు అని దాని సారం. ప్రభుత్వం ఏమందంటే, "వ్యక్తి అంటే మనిషి, మేము ప్రభుత్వం కదా, మా భూమి మా ఇష్టం" అని.

సమత అనే సంస్థ అప్పటికే ఆ ఊళ్ళల్లో భూమి హక్కుల మీద పనిచేస్తోంది. 1993లో హైకోర్టుకి పోయింది. అక్కడ కొట్టేశారు. అక్కడితో ఆపేసి ఉంటే ఇవాళ మనం ఈ పేరు చెప్పుకునేవాళ్ళమే కాదు. సుప్రీంకోర్టుకి పోయారు. 1997 జూలై 11న ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఒక వైపు, ఒకరు ఇంకో వైపు ఉండి తీర్పు వచ్చింది. 1/70లో వ్యక్తి అంటే ప్రభుత్వం కూడా. కాబట్టి షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతర కంపెనీలకి ఇచ్చిన గనుల లీజులు చెల్లవు. తవ్వితే ప్రభుత్వ సంస్థ తవ్వాలి, లేదా గిరిజనుల సహకార సంఘం తవ్వుకోవచ్చు. లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతంలో నీళ్ళకి, బడికి, వైద్యానికి, రోడ్లకి పెట్టాలి.

"ఇది కోర్టు ఇచ్చింది కదా, ఊళ్ళు చేసిందేముంది?" అని ఎవరైనా అడగొచ్చు. మా రూంలో కూడా ఈ వాదన నడిచింది. ఆలోచించండి. కంపెనీ వచ్చి పక్కన భూమికి డబ్బులిస్తానంటే, నలుగురు తీసుకుని వెళ్ళిపోతే, కేసు ఎవరి కోసం నడవాలి? నాలుగేళ్ళు కోర్టుల్లో కేసు నడుస్తుంటే ఇక్కడ ఊళ్ళు ఆ నేల మీదే ఉండాలి. దున్నుతూ ఉండాలి. ఊరి పని అది. ఏ లీజు ఎవరి పేరు మీద, ఏ సర్వే నంబరు, ఏ జీవో అని కాగితాలు పోగేసి చదివి చెప్పడం సంస్థ పని. ఆ కాగితాన్ని చట్టం భాషలో వాదించడం వకీలు పని. ముగ్గురిలో ఎవరు రెండోవాళ్ళ పని చెయ్యబోయినా చెడిపోయేది. ఊరు ఢిల్లీకి పోయి వాదించలేదు. వకీలు వచ్చి దున్నలేడు.

గూడెంలో లేనిది ఇక్కడ ఉంది. ఏ ఒక్క మనిషి మీదా ఇది ఆగలేదు. పిటిషన్ సంస్థ పేరు మీద ఉంది, తీర్పు కాగితం మీద ఉంది. ఎవరు పోయినా కాగితం మిగులుద్ది, ఇంకొకరు పట్టుకోవచ్చు. తీర్పు వచ్చాక దాన్ని మార్చమని ప్రభుత్వాలు మళ్ళీ కోర్టుకి పోయాయి, 2000లో ఆ పిటిషన్లు కూడా పోయాయి. ఈలోపు 1999లో వేరే రాష్ట్రాల్లో గనుల వల్ల నష్టపోతున్న ఊళ్ళని, సంఘాల్ని కలిపి మైన్స్, మినరల్స్ అండ్ పీపుల్ అనే కూటమి కట్టారు. గెలిచాక ఇంటికి పోకుండా గెలుపుని కాపాడుకోవడానికి ముఠాని పెద్దది చేశారు.

అన్నీ బాగున్నాయని చెప్పడం లేదు. 2001లో ఛత్తీస్‌గఢ్ బాల్కో కేసులో సుప్రీంకోర్టే సమత తీర్పు మీద సందేహాలు వెలిబుచ్చింది. తీర్పులో గిరిజన సహకార సంఘానికి అవకాశం ఉంది కాబట్టి, సంఘం పేరు గిరిజనులది పెట్టి వెనకాల పెట్టుబడి బయటివాడిది పెట్టే దారి కూడా తెరుచుకుంది. సంఘం అని బోర్డు ఉంటే సరిపోదు. లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉందో చూస్తే అది మన సంఘమో కాదో తెలిసిపోద్ది. విశాఖ మన్యంలో బాక్సైటు విషయంలో కూడా ఇంతే, 2015లో జీవో 97 వచ్చింది, 2019లో రద్దయింది. మధ్యలో నాలుగేళ్ళు ఊళ్ళు మెలకువగా ఉండాల్సొచ్చింది.

పన్నెండు ఊళ్ళు, పన్నెండు సార్లు

మన పక్కనే ఒడిశాలో నియమగిరి సంగతి కూడా ఇందులో కలుపుతున్నాం. అక్కడ డోంగ్రియా కోందులకి ఆ కొండ దేవుడు. వేదాంత కంపెనీకి ఆ కొండ బాక్సైటు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఊరి సభల్నే అడగమంది. ఆ కొండల్లో ఊళ్ళు వందకు పైనే ఉన్నా ప్రభుత్వం పన్నెండింటినే ఎంచింది. పన్నెండు ఊళ్ళల్లో విడివిడిగా సభలు పెట్టారు, జిల్లా జడ్జి కూర్చుని చూశాడు. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది.

అందర్నీ ఒక మైదానంలో పోగేసి ఒక నాయకుడితో వద్దనిపిస్తే ఆ ఒక్కణ్ణి కొంటే సరిపోయేది. పన్నెండు ఊళ్ళు ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని, ఎవరి మాటల్లో వాళ్ళు, ఒకే ముక్క చెప్పడం వేరు. కలిసి పనిచెయ్యడం అంటే అందరూ ఒకే చోట కూర్చోవాలని, ఒకే గొంతుతో మాట్లాడాలని మనం అనుకుంటాం. నియమగిరి చూశాక మాకు అది అక్కర్లేదనిపించింది.

మరి మన గంపలగూడెం?

ఇక్కడికి వస్తే అసలు చిక్కు కనపడుద్ది. మన మండలం షెడ్యూల్డ్ ఏరియా కాదు. ఎన్టీఆర్ జిల్లా మొత్తంలో షెడ్యూల్డ్ ఏరియా లేదు. కాబట్టి 1/70 మనకి వర్తించదు. 1996లో వచ్చిన పెసా చట్టం మనకి వర్తించదు. బొర్రా ఊళ్ళకి ఉన్న కవచం మనకి లేదు. మనకి వర్తించేవి ఏమిటి? ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 ఎక్కడైనా వర్తిస్తుంది. అటవీ హక్కుల చట్టం 2006 కూడా షెడ్యూల్డ్ ఏరియా బయట అడవి మీద బతికేవాళ్ళకి వర్తిస్తుంది. స్కాలర్‌షిప్పు, రిజర్వేషను ఉన్నాయి, కానీ చేతిలో కుల పత్రం ఉంటేనే.

రెండో చిక్కు, మనకి మన్యం ముఠాల్లాంటి ఊళ్ళ కట్ట లేదు. ఒక చోట సుగాలి తండా, ఇంకో ఊరి చివర నాలుగు ఎరుకల ఇళ్ళు, చెరువు గట్టు పక్కన యానాది గుడిసెలు. ఏ ఊళ్ళోనూ మనం ఎక్కువమంది కాదు. గ్రామసభలో చెయ్యెత్తితే మన చేతులు కనపడవు. నియమగిరి ఊరు వద్దంటే ఊరు వద్దన్నట్టు. మన ఇరవై ఇళ్ళు వద్దంటే ఇరవై ఇళ్ళే వద్దన్నట్టు.

అందుకే "ఎవరి తెగ సంఘం వాళ్ళు పెట్టుకుందాం" అనే మాట వింటే మాకు భయమేసింది. ఉన్న ఇరవై ఇళ్ళని మూడుగా చీలిస్తే ఏం మిగులుద్ది? 2017 చివర్లో ఆదిలాబాద్ ఏజెన్సీలో ఆదివాసీ సంఘాలకి, లంబాడా సంఘాలకి మధ్య వచ్చిన గొడవ ఊళ్ళ దాకా, బడుల దాకా పోయింది. అక్కడి న్యాయం ఏమిటో తేల్చడం ఈ పోస్టు పని కాదు. అక్కడి చరిత్ర వేరు, భూమి వేరు. కానీ ఆ గొడవ ఫోన్లలో ఇక్కడికి వచ్చి, ఒకే రూంలో ఒకే బకెట్టుతో స్నానం చేసే పిల్లల మధ్య పడకూడదు.

తెగల సంఘాలు వద్దని మేము అనట్లేదు. గూడెంలో మూడు రకాల బాధలు మూడుగానే ఉన్నాయి, నియమగిరిలో పన్నెండు సభలు పన్నెండుగానే జరిగాయి. తండాకి తండా సంఘం ఉండనీ, ఎరుకల వాళ్ళకి వాళ్ళ సంఘం ఉండనీ. పైన మండలానికి ఒక ముఠా ఉండాలి. ఆ ముఠా పని ఒకటో రెండో మాత్రమే, అందరికీ పనికొచ్చేవి.

మేము అనుకున్నవి చెప్తాం, మీరు సరిదిద్దండి.

ముందు ఒక్క పని ఎత్తుకుందాం, కుల పత్రాలు. బడిలో చేరేదగ్గర, హాస్టల్లో చేరేదగ్గర, స్కాలర్‌షిప్పు దగ్గర, అన్ని తెగల పిల్లలూ ఆగిపోయేది ఈ కాగితం దగ్గరే. యానాది ఇళ్ళల్లో కొన్నింటికి అంతకన్నా ముందు ఆధార్ దగ్గరే ఆగుద్ది. ఏ పేటలో ఎంతమందికి లేదో ముందు లెక్క తియ్యాలి. లెక్క లేకుండా సోమవారం గ్రీవెన్స్‌కి పోతే అర్జీ తీసుకుంటారు, రసీదు ఇస్తారు, అంతటితో సరి.

మీటింగు హాస్టల్లో, మండల కేంద్రంలో పెట్టొద్దు. నెలకొకటి చొప్పున ఒక నెల తండాలో, ఒక నెల ఎరుకల పేటలో, ఒక నెల యానాది గుడిసెల దగ్గర పెడదాం. కూలికి పోయొచ్చిన తర్వాత, రాత్రి ఏడింటికి. మిరప సీజన్లో మధ్యాహ్నం మీటింగు పెట్టి ఎవరూ రాలేదనడం మన తెలివితక్కువ.

ప్రతి పనికీ ఇద్దరు ఉండాలి. సచివాలయానికి పోయేది ఇద్దరు, లెక్క రాసేది ఇద్దరు. ఒకరికి పరీక్షలొస్తే, పెళ్ళయితే, హైదరాబాద్ పనికి పోతే రెండోవాళ్ళకి అంతా తెలిసి ఉండాలి. గూడెం కొండల్లో మిగలని రెండో వరస ఇట్లా తయారవుద్దని మా నమ్మకం.

చందా పది రూపాయలైనా సరే, ప్రతి మీటింగు మొదట్లో లెక్క పైకి చదవాలి. మిరపకోత ముఠాలో లెక్క అందరి ముందు చూడకపోతే మర్నాడు ఆటో ఖాళీగా పోద్ది. మన సంఘాల్లో మీటింగుకి మనుషులు రాకపోవడానికి సగం కారణం అదే.

ఆఖరిది మా వంతు. మాలో చాలామంది ఇళ్ళల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. బొర్రాలో కాగితం చదివి చెప్పే పని ఒక సంస్థ చేసింది. ఇక్కడ ఆ పని చెయ్యడానికి బయటి నుంచి ఎవరూ రానక్కర్లేదు. కాకపోతే ఒక షరతు. ఆఫీసు కాగితం తెలుగులో చదివేసి వచ్చేస్తే కుదరదు. తండాలో గోర్ బోలీలో చెప్పాలి, ఎరుకల ముసలోళ్ళకి వాళ్ళ భాషలో చెప్పాలి. చెప్పాక, "ఏం అర్థమైంది, మళ్ళీ చెప్పండి" అని అడగాలి. వాళ్ళు తిరిగి చెప్పినప్పుడే ఆ కాగితం వాళ్ళదయినట్టు.

సీతారామరాజు బయటివాడు, సమత వాళ్ళూ ఆ ఊళ్ళల్లో పుట్టినోళ్ళు కాదు. బయటివాళ్ళు సాయం చేస్తే తీసుకోవచ్చు, చరిత్రలో తప్పేం లేదు. కానీ బాధ ఏంటో, ఎంత దూరం పోవాలో, ఎక్కడ ఆగాలో చెప్పేది ఊరే. ఒక ఓటుకో, ఒక ఫొటోకో వచ్చి మన ముఠాకి మేస్త్రి అవుతానంటే ఒకటే అడగండి: రేటు నువ్వొక్కడివే మాట్లాడుకుంటావా, మా ముందు మాట్లాడతావా?

వచ్చే నెల మొదటి ఆదివారం రాత్రి మొదటి మీటింగు అనుకుంటున్నాం. ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి. నెమలి వైపు వాళ్ళు, పెనుగొలను వైపు వాళ్ళు, ఊటుకూరు, వినగడప వైపు వాళ్ళు మీ పేటలో ఎన్ని ఇళ్ళున్నాయి, ఎంతమంది పిల్లలకి కుల పత్రం లేదు అనేది కింద రాయండి. పేర్లు వద్దు, సంఖ్య చాలు. తిరువూరు, విస్సన్నపేట వైపు తమ్ముళ్ళు కూడా మీ లెక్క తియ్యండి. ఇందులో మేము రాసిన చరిత్రలో ఏదైనా సరిచెయ్యాల్సి ఉంటే పెద్దోళ్ళు చెప్పండి. మీ తాతలు, నానమ్మలు రిజిస్టరు రోజుల గురించి, హాజరు రోజుల గురించి ఏమైనా చెప్పి ఉంటే అది కూడా రాయండి. అవి ఏ పుస్తకంలోనూ లేవు, వాళ్ళు పోతే మళ్ళీ దొరకవు.

జోహార్.
గంపలగూడెం హాస్టల్ విద్యార్థులు